పాత కాగితంతో కాలనీ కళాశిబిరం: ఏం తీసుకోవాలి, దేన్ని ముట్టుకోకూడదు, చేసింది ఎలా నిలుస్తుంది

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. విజయవాడలో మీ కాలనీ గ్రంథాలయం తరఫున నిరుడు వేసవిలో, ఇంట్లోని పాత వస్తువులతో కళాకృతులు చేసే ఒకరోజు శిబిరం పెట్టారు. సీసాలు, డబ్బాలు, అట్టలు, పాత సీడీలు, గుడ్డపీలికలు, ఎవరింట్లో ఏవి ఉంటే అవి తెచ్చారు. పిల్లలూ పెద్దలూ కలిసి 30 మంది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉత్సాహంగా చేశారు. వారం తిరక్కుండా ఆ పెన్నుల డబ్బాలూ సీసా పూలకుండీలూ చాలావరకు చెత్తబండి ఎక్కాయని తెలిసి మీకు మనసు నొచ్చుకుంది. ఈసారి ఏ వస్తువు తీసుకోవాలి, ఏ జిగురు వాడాలి, ఎంత సరుకు కావాలి, చేసినది నిలవాలంటే ఏం చేయాలి, అసలు దీన్ని కళ అనవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నేను పద్దెనిమిదేళ్ళుగా బడుల్లో, గ్రంథాలయాల్లో, అపార్టుమెంట్ల సమావేశ మందిరాల్లో ఈ పని నేర్పుతున్నాను. మీ శిబిరంలో జరిగినదే నా మొదటి నాలుగైదు శిబిరాల్లోనూ జరిగింది. కారణం చేసినవారి ఆసక్తిలో లేదు, నేను వేసిన ప్రణాళికలో ఉంది. పది రకాల వస్తువులను బల్లమీద కుప్పపోసి, ఒక్క పూటలో పూర్తి చేయమంటే ఏ మనిషైనా చేయగలిగింది అతికించడం ఒక్కటే. అతికించినది వారం రోజుల్లో ఊడిపోతుంది. వస్తువును నానబెట్టి, రుబ్బి, పోతపోసి, ఆరబెట్టి, దాని స్వభావాన్ని మార్చే వ్యవధి ఇచ్చినప్పుడే అది కొత్త వస్తువవుతుంది. కాబట్టి నా సలహా ఇది: ఒకే వస్తువు తీసుకోండి, దానికి రెండు ఆదివారాలు ఇవ్వండి, ఆ రెండు ఆదివారాల నడుమ వారం రోజుల ఎండ ఇవ్వండి.

ఆ ఒక్క వస్తువు పాత కాగితం కావాలని నేను కోరతాను. మన ఇళ్ళల్లో ఈ పని కొత్తది కాదు. మీ గ్రంథాలయానికి వచ్చేవారిలో 65 ఏళ్ళు దాటిన స్త్రీలను అడిగి చూడండి. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, బోర్లించిన గిన్నె మీద పూసి తట్టలు చేసిన సంగతి, వెదురు చేటల సందులు మూయడానికి అదే గుజ్జు మెత్తిన సంగతి వారిలో కొందరైనా చెబుతారు. మెంతుల్లోని జిగట కాగితపు పీచును పట్టి ఉంచుతుంది, దాని చేదు పురుగును కొంతవరకు దూరం పెడుతుంది. చాలా ఏళ్ళ క్రితం ఒక శిబిరంలో నేను గుజ్జులో నీళ్ళు ఎంత ఉండాలో కొలతలు చెబుతూ ఉండగా, మనవణ్ణి దింపడానికి వచ్చిన ఒక పెద్దావిడ వెనక నుంచి లేచి వచ్చి గుప్పెడు గుజ్జు తీసుకుని పిడికిలి బిగించారు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారి, నాలుగు బొట్ల తరవాత ఆగిపోయాయి. పిడికిలి విప్పితే ముద్ద మీద అయిదు వేళ్ళ ముద్రలూ చెదరకుండా ఉన్నాయి. "ఇదీ పాకం నాయనా, ఇంకా కారితే జారిపోద్ది, కారకపోతే పగిలిపోద్ది" అన్నారు. ఆ రోజు నుంచి నేను గుజ్జుకు కొలపాత్ర వాడలేదు.

కాగితంలోనూ అన్నీ ఒకటి కావు. అన్నిటికంటే మంచివి కోడిగుడ్ల అట్టలు. అవి పుట్టడమే పాత కాగితపు గుజ్జు నుంచి పుట్టాయి కాబట్టి గోరువెచ్చని నీళ్ళలో వేస్తే గంటా గంటన్నరలో మెత్తబడి విడిపోతాయి. తరవాతి స్థానం పిల్లలు రాసి పారేసిన నోటు పుస్తకాలది, పరీక్ష కాగితాలది. వార్తాపత్రిక కూడా బాగానే నానుతుంది గాని, సిరా వల్ల గుజ్జు బూడిదరంగులోకి దిగుతుంది. దాన్ని గుజ్జుకు కాక, కావాలంటే పైపొరలు అంటించడానికి కొద్దిగా మాత్రం ఉంచుకోండి. నిగనిగలాడే వారపత్రికల అట్టలు, పెళ్ళి శుభలేఖలు వద్దు. వాటి మీది పూత నీళ్ళను లోపలికి పోనివ్వదు, రెండు రోజులు నానినా ముక్కలుగా తేలుతూనే ఉంటాయి. పండ్లరసం డబ్బాల్లో అట్టతో పాటు పాలిథీన్, అల్యూమినియం పొరలు కలిసి ఉంటాయి కాబట్టి అవీ పనికిరావు. దుకాణాల్లో వేడితో అచ్చయ్యే బిల్లు కాగితాలకు రసాయనపు పూత ఉంటుంది, వాటిని పిల్లల చేతికే ఇవ్వకండి. మరొక మాట గట్టిగా చెప్పాలి. కాగితాలు చింపే ముందు స్టేపుల్ పిన్నులన్నీ తీయించండి. గుజ్జులో మునిగిన పిన్ను కంటికి కనపడదు, పిసికే వేలికి మాత్రం తప్పకుండా గుచ్చుకుంటుంది. ఈ పనిని శిబిరానికి ముందు రోజే ఇద్దరు పెద్దలకు అప్పగించండి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. పాత పేపర్లు కొనేవారు ఉన్నారు కదా, అమ్మదగిన కాగితాన్ని మనం ఎందుకు నానబెట్టాలి? ఇది సరైన సందేహమే. పాత సామాన్ల కొట్టులో దేనికి ధర ఉందో దాన్ని రంగు పూసి, జిగురు పూసి పాడు చేయకూడదన్నది నేను ఏళ్ళ మీద నేర్చుకున్న నియమం. శుభ్రంగా కడిగిన నీళ్ళ సీసా కొట్టుకు వెళితే కరిగి మళ్ళీ దారమో డబ్బానో అవుతుంది. అదే సీసాకు మనం రంగు వేసి, మెరుపుపొడి చల్లి, పూసలు అంటిస్తే దాన్ని కొట్టువాడు తీసుకోడు, ఇంట్లోవారు ఉంచుకోరు; మనం చెత్తను తగ్గించామనుకుంటూ ఒక పనికొచ్చే వస్తువును చెత్తగా మార్చినవాళ్ళమవుతాం. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లకూ ఇదే వర్తిస్తుంది. అందుకే వార్తాపత్రికల కట్టలను అమ్ముకోనివ్వండి. మనకు కావలసింది కొట్టువాడు పెద్దగా ఇష్టపడని సరుకు: చిరిగిన గుడ్ల అట్టలు, సగం తడిసిన నోటు పుస్తకాలు, ముక్కలైన కాగితాలు.

ఇదే కారణంతో, చెత్తతో కళ అని పేరు పెట్టి దాని అలంకరణకు కొత్త సామాను కొనడాన్ని నేను ఒప్పుకోను. నిరుటి శిబిరానికి థర్మోకోల్ పలకలు కొన్నామని రాశారు. అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ఉంది. కొట్లలో దొరుకుతున్నా కొనకండి. దాన్ని వేడి తీగతో కోసేటప్పుడు వచ్చే పొగ కూడా మూసి ఉన్న గదిలో పిల్లలు పీల్చదగినది కాదు.

జిగురు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నిలకడ అంతా అక్కడే ఉంది. ఫెవికాల్ వాడితే పని సులువే, నేనూ చాలాకాలం వాడాను. అయితే అది ఎండాక మళ్ళీ నీళ్ళలో సులభంగా విడిపోదు. ఆ వస్తువు పాడైన రోజున తిరిగి నానబెట్టి గుజ్జు చేసుకునే అవకాశం పోతుంది. మైదా ఉడికించిన జిగురు చవక, కాని తేమ ఉన్న రోజుల్లో బూజు పడుతుంది, బొద్దింకకూ, కాగితం తినే వెండిచేప పురుగుకూ విందు అవుతుంది. నా అనుభవం చెబుతాను. ఒక బడిలో ఆగస్టు నెలలో మైదా జిగురుతో 32 కాగితపు ముఖాలు (మాస్కులు) చేయించి, పైపైన ఆరగానే అలమరలో పెట్టించాను. మూడు వారాల తరవాత తలుపు తీస్తే ముఖాల నిండా ఆకుపచ్చని నూగు. పిల్లలు తమ పేర్లు రాసుకున్న ముఖాలను నేనే గోనెసంచిలోకి ఎత్తవలసి వచ్చింది. వర్షాకాలంలో ఈ పని పెట్టుకోవడం, లోపలి తడి ఆరిందో లేదో చూడకుండా మూసిపెట్టడం, రెండు తప్పులూ నావే. పుస్తకాలు కుట్టేవారు, గోడపత్రికలు అంటించేవారు పురుగు పట్టకుండా మైదాలో మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చేతులతో పిసికే గుజ్జులోకి దాన్ని ఎంత మాత్రం రానివ్వకండి.

నేను ఇప్పుడు వాడేది చింతగింజల జిగురు. మీరు విజయవాడలో ఉన్నారు, కొండపల్లి మీ పక్కనే ఉంది. అక్కడి బొమ్మల పనివారు తెల్లపొణికి కర్ర ముక్కలను అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారన్నది మీకు తెలిసే ఉంటుంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ముఖాలు చేసే పద్ధతిలోనూ కొబ్బరిచిప్ప ఆధారంగా, రంపపు పొట్టు చింతగింజల ముద్దతో ముక్కూ చెంపలూ తీరుస్తారు. కొబ్బరిచిప్ప, రంపపు పొట్టు, చింతగింజ, మూడూ వాడుకోగా మిగిలినవే. వాటితోనే తరతరాల కళ నిలబడింది. కనుక పారేసే వస్తువుతో చేసింది కళ అవుతుందా అన్న మీ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. వీలైతే శిబిరానికి ముందు మీ పిల్లలను ఒక పూట కొండపల్లి తీసుకువెళ్ళి, మక్కు కలిపే చేతులను దగ్గరగా చూపించండి. నేను గంటసేపు చెప్పేదానికంటే అది ఎక్కువ పని చేస్తుంది.

చింతపండు గింజ తీయించే ఎండాకాలంలోనే గింజలు దాచమని కాలనీలో చెప్పి ఉంచండి. వామనగుంటలు ఆడే ఇళ్ళల్లో అవి ఎలాగూ ఉంటాయి. గింజలను మూకుట్లో చిటపటలాడే దాకా వేయించి, చల్లారాక దంచితే పైపొట్టు ఊడిపోయి తెల్లని పప్పు బయటపడుతుంది. పొట్టు పూర్తిగా పోవాలి, లేకపోతే జిగురు గోధుమరంగుకు దిగి, పైన వేసే రంగుల కాంతిని చంపుతుంది. పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి, 100 గ్రాముల పప్పుకు లీటరు నీళ్ళ చొప్పున సన్నని మంట మీద గరిటెతో తిప్పుతూ ఉడికించాలి. గంజిలా తెల్లగా మొదలై, కాసేపటికి పారదర్శకంగా, గరిటె ఎత్తితే తీగలా సాగుతుంది. అక్కడ దించేయాలి. ఈ జిగురు ఒక రోజుకే పులుస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. కాచేటప్పుడు చిటికెడు పటిక పొడి వేస్తే కాస్త ఆగుతుంది. పొయ్యి దగ్గర పెద్దలు మాత్రమే ఉండాలి. ఉడికిన జిగురు చర్మానికి అంటుకుని వదలదు, అందువల్ల నీళ్ళకంటే ఎక్కువగా కాలుస్తుంది.

ఇక లెక్క. పావు మీటరు వెడల్పున్న తట్టకు గాని, మనిషి ముఖమంత ముఖానికి గాని ఎండు కాగితం 150 గ్రాములు సరిపోతుంది. 30 మందికి నాలుగున్నర కిలోలు, వృథా కలుపుకుని 5 కిలోలు సిద్ధం చేసుకోండి. 30 గుడ్లు పట్టే అట్ట ఒక్కొక్కటి 60, 70 గ్రాములు తూగుతుంది. కాబట్టి 40 అట్టలు, మిగిలిన సగానికి నోటు పుస్తకాలు ఉంటే చాలు. కిలో కాగితానికి 100 గ్రాముల మెంతుల చొప్పున అర కిలో మెంతులు నానబెట్టి రుబ్బుకోండి. చింతగింజలు, పైపూతకు కూడా కలిపి, పొట్టుతో సహా ఒకటింబావు కిలో ఉంటే ఇబ్బంది ఉండదు. గుజ్జు రుబ్బడానికి వంటకు వాడే మిక్సీ వాడకండి. పనికిరాని పాత మిక్సీ ఎవరి దగ్గరైనా ఉంటే అడగండి, లేదా రోలు తెప్పించండి. రోలు ఉంటే పిల్లలు వరసలో నిలబడి మరీ రుబ్బుతారు. పిండగా వచ్చిన నీళ్ళను పాత పంచెలో వడకట్టి మాత్రమే కాలువలోకి వదలండి. పీచు పేరుకుని ఒక అపార్టుమెంటులో మురుగు గొట్టం మూసుకుపోయాక, ఆ మందిరం మాకు మళ్ళీ ఇవ్వలేదు.

మొదటి ఆదివారం పని ఇలా సాగాలి. ముందు రోజు రాత్రే కాగితాలు చింపి నానబెట్టి ఉండాలి. అయిదేళ్ళ లోపు పిల్లలు ఉంటే ముందు రోజే వారికి ఆ చింపే పని ఇవ్వండి, అంతకంటే ఇష్టమైన పని వారికి ఉండదు. పొద్దున నానిన కాగితాన్ని రుబ్బి, మెంతుల ముద్దా చింతగింజల జిగురూ కలిపి, ఆ పెద్దావిడ చెప్పిన పాకానికి పిండుకోవాలి. ఆరుగురి చొప్పున అయిదు జట్లు చేయండి. ప్రతి జట్టులో ఒక పెద్దవారు, ఇద్దరు చిన్నపిల్లలు తప్పక ఉండేలా చూడండి. పిల్లలందరినీ ఒక బల్లకు, పెద్దలందరినీ మరో బల్లకు చేర్చకండి. అలా చేస్తే పెద్దలకు తెలిసిన చేతివాటం పిల్లలకు చేరదు. స్టీలు బేసిన్ గాని మట్టికుండ గాని బోర్లించి, దానిపై తడిపిన పలుచని పాత గుడ్డ పరచాలి. గుడ్డ లేకుండా నేరుగా పూస్తే ఊడదీసేటప్పుడు చీలుతుంది. గుజ్జును అరచేతిలో అప్పడమంత అద్దుకుని, అడుగు నుంచి కాక నడినెత్తి నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ, ఒక ముద్ద అంచు మీదికి మరో ముద్ద ఎక్కేలా తట్టుకుంటూ రావాలి. మందం చిటికెన వేలిలో సగం ఉంటే చాలు. అంచు దగ్గర మాత్రం రెట్టింపు ఉంచండి, తట్టను పట్టుకునేది అక్కడే కదా. చివరగా ఇంకో పొడి గుడ్డతో ఒత్తి అదనపు నీళ్ళు పీల్చేయాలి.

ఆరబెట్టడంలోనే చాలామంది పాడుచేసుకుంటారు. త్వరగా ఆరాలని నడిమధ్యాహ్నపు ఎండలో పెడితే పైపొర ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, ఆ లాగుడుకు బీట పడుతుంది. అచ్చు మీద పూర్తిగా ఆరేదాకా ఉంచినా ప్రమాదమే. కాగితపు గుజ్జు ఆరుతూ కుంచించుకుపోతుంది, లోపలి స్టీలు గిన్నె కుంచించుకోదు, కాబట్టి గుజ్జే పగలాలి. మొదటి రోజంతా నీడలో, గాలి తగిలే చోట అచ్చు మీదే ఉంచండి. మరునాడు తాకితే చెప్పుల తోలులా చల్లగా, వంగేటట్టు అనిపించినప్పుడు అచ్చు నుంచి మెల్లగా తీసి, వంకర సరిచేసి, మళ్ళీ నీడలో ఒక రోజు, ఆ తరవాత ఎండలో మూడు నాలుగు రోజులు ఉంచండి. గోటితో కొడితే డొల్లగా మోగాలి. మొద్దుగా పలికితే ఇంకా తడి ఉన్నట్టే. మీ ఊళ్ళో అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది కనుక డిసెంబరు నెల ఎంచుకోండి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు మీ కాలనీలో ఉంటే, చేసినవాటికి వెంటనే ఒక మెట్టు మీద చోటు కూడా దొరుకుతుంది.

రెండో ఆదివారం పూతకూ రంగుకూ. మెత్తటి సుద్దపొడిని చింతగింజల జిగురులో పెరుగంత చిక్కగా కలిపి రెండు పూతలు వేయాలి, ఒకటి ఆరాకే మరొకటి. గరుకు పోవడానికి అరిగిపోయిన గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి. ఈ తెల్లని నేల లేకుండా నేరుగా రంగు వేస్తే గుజ్జు తాగేస్తుంది, నాలుగు రెట్లు రంగు పోసినా నిండదు. రంగులకూ వంటింటినే ఆశ్రయించవచ్చు. జాజు ఎరుపు, దీపపు మసి నలుపు, బట్టలకు వాడే నీలిమందు నీలం ఇస్తాయి, ఒక్కొక్కదాన్ని పలుచని చింతగింజల జిగురులో కలుపుకుంటే పట్టుకుని ఉంటాయి. పసుపు అందంగా ఉంటుంది గాని ఎండకు వెలిసిపోతుంది, కిటికీ పక్కన పెట్టే వస్తువుకు వద్దని ముందే చెప్పండి. పసుపులో సున్నం కలిపితే పారాణిలా ఎర్రబడుతుందని పిల్లల కళ్ళముందు చూపించండి. సున్నం మాత్రం పెద్దవారి చేతిలోనే ఉండాలి, కంట్లో పడితే చాలా ప్రమాదం.

చేసినదాన్ని వెంటనే పారేయకుండా ఉంచుకునేలా చేసేది ఇంకొకటి ఉంది, అది జిగురుకు సంబంధించినది కాదు. బల్ల మీద నమూనా పెట్టకండి. నమూనా పెట్టిన శిబిరంలో ముప్పై మందీ ఆ నమూనానే చేస్తారు, ఇంటికి వెళ్ళాక అది ఎవరిదో వారికే తెలియదు. నమూనాకు బదులు ఒక విషయం ఇవ్వండి. "మీ ఇంట్లో ఒకరి ముఖం" అని నేను ఇస్తాను. ఒకసారి తొమ్మిదేళ్ళ అమ్మాయి తన తాతయ్య ముఖం చేస్తూ నుదుటి మీద గుజ్జును అగ్గిపుల్లతో గీస్తూ కూర్చుంది. ఎన్ని గీతలు ఉన్నాయో ఇంటికి వెళ్ళి లెక్కపెట్టి వచ్చానని చెప్పింది. ఆరేటప్పుడు ఆ ముఖానికి ముక్కు పక్కన నిలువుగా బీట పడింది. నేను మక్కుతో పూడ్చబోతే వద్దంది, తాతయ్యకు అక్కడ నిజంగానే చిన్నప్పటి దెబ్బ మచ్చ ఉందట. ఆ ముఖం ఏడేళ్ళ తరవాత కూడా వారి ఇంటి గోడకు ఉండడం నేను చూశాను. ఆ ఇంట్లో దాన్ని ఎవరు పారేస్తారు?

ఇక మీ చివరి ప్రశ్నకు, అంటే దీన్ని కళ అనవచ్చా అన్నదానికి, చేర్యాల, కొండపల్లి చెప్పాను. మరొక పేరు కూడా చెప్పాలి. చండీగఢ్‌లో రోడ్ల తనిఖీ ఉద్యోగి నేక్ చంద్ కొత్త నగరం కట్టడం కోసం కూల్చిన ఇళ్ళ శిథిలాలను ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా పోగుచేసి, అడవిలో బొమ్మల తోట నిర్మించారు. 1976లో దాన్ని ప్రజలకు తెరిచారు, 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ రాక్ గార్డెన్‌లో నన్ను కట్టిపడేసినది చేతిగాజుల ముక్కలతో చేసిన బొమ్మల వరస. ఒంటి నిండా విరిగిన గాజులే, వేరే ఏదీ లేదు. మరో గోడ నిండా పాత విద్యుత్ పింగాణీ సామానే. ఆయన ప్రతి వస్తువునూ వేరుగా పోగుచేసుకుని, చాలా బొమ్మల్లో ఒక్కోదానికి ప్రధానంగా ఒకే వస్తువు వాడి, దాని నిగారింపు ఎంత దూరం పోగలదో అంత దూరం తీసుకువెళ్ళారు. ఒకే వస్తువు తీసుకోమని మీకు నేను ఇంత నొక్కి చెప్పడానికి ఆ తోటలో గడిపిన ఒక మధ్యాహ్నం కూడా కారణం.

కాగితం వద్దనుకుంటే, లేక వర్షాకాలంలోనే పెట్టక తప్పకపోతే, పాత నూలు చీరలతో బొంత కుట్టించండి. నీళ్ళూ ఎండా అక్కరలేదు, నలుగురు చుట్టూ కూర్చుని ఒకే బొంతను నాలుగు వైపుల నుంచి కుట్టవచ్చు. పాలియెస్టర్ చీరలు కలపకండి, సూది జారుతుంది, ఉతికితే ముడతలు వేరుగా పడతాయి. పగిలిన గాజు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, మందుల సీసాలు, సూదులు, పాత రంగు డబ్బాలు శిబిరపు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఎవరైనా తెస్తే అక్కడే మర్యాదగా వెనక్కి ఇవ్వండి. పాత ఫ్లెక్సీలు మాత్రం తెమ్మనండి, బల్లల మీదా నేల మీదా పరచుకోవడానికి అంతకంటే మంచివి లేవు, కడిగి మరుసటి ఏడాదికి చుట్టిపెట్టుకోవచ్చు.

తట్టలను ఇంటికి ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పి పంపండి. తినే పదార్థాలు నేరుగా వాటిలో వేయకూడదు, రాసిన, అచ్చైన కాగితాల సిరా అందులో ఉంది. తాళాలు, దారపు ఉండలు, ఎండుపూలు, ఉత్తరాలు వేసుకోవచ్చు. తడి గుడ్డతో తుడవకూడదు, పొడి గుడ్డతోనే తుడవాలి. ఏడాదికి ఒకసారి, సంక్రాంతి ఎండలో గంటసేపు పెడితే పురుగు చేరదు. మిగిలిన గుజ్జును పారేయకుండా నిమ్మకాయంత ఉండలు చేసి ఎండబెట్టి, గ్రంథాలయంలో ఒక గాజుసీసాలో ఉంచండి. ఎవరి తట్ట అంచైనా చిట్లితే ఒక ఉండను రాత్రి నానబెట్టి, చిట్లిన చోటును నీళ్ళతో తడిపి, ఆ గుజ్జు అద్ది నీడలో ఆరబెడితే అతుకు కనపడకుండా కలిసిపోతుంది.